తాళం వేసిన ఇళ్ళ ముందు నా ముగ్గు

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు, అదీ ఆయన రోజూ పారాయణం చేసే పుస్తకంలోంచే. అందుకని నాకు అక్షరాలతో పాటే రాగం కూడా వచ్చేసింది. కరెంటు బిల్లు చదివినా, మందు సీసా మీది చీటీ చదివినా నా గొంతు దానంతటదే పైకి లేచి, వాక్యం చివర సాగి, మెల్లగా కిందికి దిగుతుంది. ఎంత ప్రయత్నించినా మామూలుగా చదవడం నాకు చేతకాదు. చదవడం వచ్చినందుకే దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను కాబట్టి, రాగం సంగతి ఆయన్ని ఇంకా అడగలేదు.

మాది దమ్మపేట నుంచి అశ్వారావుపేట పోయే దారికి కాస్త లోపలగా, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. ఆ మధ్య పోలీసువాళ్ళు వచ్చి, దొంగతనాలు జరగకుండా ఎలా జాగ్రత్తపడాలో చెప్పడానికి బడి వరండాలో మీటింగు పెట్టారు. వచ్చిన కానిస్టేబులమ్మకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. "కరపత్రం ఎవరన్నా చదువుతరా?" అని అడిగితే ఆడవాళ్ళందరూ నా వైపు చూశారు. నేను కొంగు సర్దుకుని లేచాను.

"అపరిచితులకు తలుపు తీయరాదు" అన్న దగ్గర గొంతు కొంచెం లేచింది. "విలువైన వస్తువుల వివరములు నలుగురిలో చెప్పరాదు" అన్న దగ్గర ఇంకా లేచింది. చివరి వాక్యం దింపేసరికి ముందు వరసలో ఉన్న ముసలమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉంది. నా చేతిలోంచి కరపత్రం తీసుకుని కళ్ళకద్దుకుని పక్కామెకు ఇచ్చింది. ఆమె కూడా అద్దుకుంది. కానిస్టేబులమ్మ రుమాలు అడ్డం పెట్టుకుంది. జలుబు వల్లే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చాలా బాగా చదివాననుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ కరపత్రంలో ఒక్క మాట మాత్రం నా మనసును పట్టుకుంది. రోజుల తరబడి ఇంటి ముందు ఊడ్చి ముగ్గు వేయకపోతే ఆ ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు తెలిసిపోతుందట. ఊరెళ్ళేవాళ్ళు ఆ పని ఇరుగుపొరుగుకు అప్పగించి వెళ్ళాలట. మిగతా జాగ్రత్తలన్నీ తాళాలు, ఫోన్లు, కెమెరాల గురించి. ఇది మాత్రం ముగ్గు గురించి. పోలీసు డిపార్టుమెంటు నాకోసమే ఈ వాక్యం రాసిందనిపించింది.

అప్పుడు మిరపకాయలు ఏరే రోజులు. మా వీధిలో రెండు కుటుంబాలు తాళాలు వేసి ఖమ్మం అవతలి మిరప తోటలకు కూలికి వెళ్ళాయి. మూడో ఇల్లు వీధి చివరిది. దాని తర్వాత గూడెం మొదలవుతుంది. ఆ ఇంటామె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఇంట్లో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగు మాట్లాడతారు. ఆమె భర్త గట్టు మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఖమ్మం పెద్ద దవాఖానలో రాడ్డు వేయాలన్నారు. వాపు తగ్గాలి, షుగరు దిగాలి, ఆ తర్వాతే ఆపరేషనట. ఎన్ని రోజులు పడుతుందో తెలియదు.

వాళ్ళకు వాగు అవతల పోడు భూమి ఉంది. ఆమె మామ అడవి కొట్టి చేసిన పోడు. పట్టా కోసం ఆ ముసలాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చనిపోయాక, ఈమె భర్త తిరిగి తిరిగి చివరికి తెచ్చుకున్నాడు. ఆ నేల వాళ్ళదని చెప్పడానికి ఆ కాగితం తప్ప వాళ్ళకు ఇంకో సాక్ష్యం లేదు. పోతే మళ్ళీ తిరగాలి. ఈసారి తిరగడానికి ఆ మనిషికి కాళ్ళు లేవు. అందుకని ఆమెకు భర్త కాలు ఎంతో ఆ కాగితమూ అంతే. బస్సులో పెట్టుకుపోతే ఎక్కడ జారిపోతుందోనని ఇంట్లోనే పెట్టి వెళ్తానంది.

ఈ సంగతి ఆమె నాకు ఒక్కదానికే, మా ఇంటి గుమ్మంలో చెప్పింది. మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెలు పట్టుకుంటున్నప్పుడు, ఎనిమిది మంది ఆడవాళ్ళు ఉండగా, నేను గొంతెత్తి ఆమెకు ధైర్యం చెప్పాను.

"చెల్లె, నీ పట్టా కాగితం రేకుపెట్టెలనే ఉన్నది గద. దాని గురించి రంది పెట్టుకోకు. నేను చూసుకుంట."

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, "సరే అక్కా" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. కృతజ్ఞతతో మాట రాలేదనుకున్నాను. నలుగురిలో చెప్పరాదన్న కరపత్రం అప్పుడు నా నడుం దగ్గరే, కొంగులో మడిచి ఉంది.

సాయంత్రం తాళంచెవి నాకిచ్చి, తెల్లవారి బస్సుకు భర్తను తీసుకుని వెళ్ళింది.

మర్నాటి నుంచి నా డ్యూటీ మొదలైంది. పొద్దున్నే లేచి నా వాకిలి, ఆ తర్వాత ఆ మూడు వాకిళ్ళు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేదాన్ని. నాకు వచ్చిన ముగ్గు ఒక్కటే, మా అమ్మ నేర్పిన ఎనిమిది రేకుల తామర. ఏ పండగకైనా అదే. చుక్కల ముగ్గులు నేర్చుకుందామని కూర్చున్న ప్రతిసారీ చుక్కలు లెక్క తప్పి చివరికి తామరే అయ్యేది. దేవుడి నామం అనుకుంటూ గీస్తే మాత్రం ఆ తామర చాలా అందంగా వస్తుంది. చెల్లెలి ఇంటి ముందు, లోపల పట్టా ఉంది కదా అని ఇంకాస్త పెద్దది వేసేదాన్ని.

మా ఆయన వేప పుల్ల నములుతూ గుమ్మంలో నిలబడి చూసేవాడు. "ఇయ్యాల ఎంతమంది దొంగలు పారిపోయిండ్రు?" అని అడిగేవాడు.

"ఎక్కిరించకు. కరపత్రంల ఉన్నది."

"అవ్. కరపత్రంలనే ఉంటది."

ఇలా మూడు వారాలు. బడి మొహం చూడనిదాన్ని, నాకు కూడా ఊరి కాపలాలో ఒక పని దొరికిందని రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడికి చెప్పుకునేదాన్ని. అది కృతజ్ఞతే అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో సగం గొప్ప చెప్పుకోవడమే. వినేవాడు ఆయనే కాబట్టి నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు.

ఆపినవాడు వెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి. వారానికోసారి మోపెడ్ మీద గిన్నెలు కట్టుకుని అరుచుకుంటూ వస్తాడు. ఆ రోజు నేను దువ్వెన వెంట్రుకల పొట్లం పట్టుకుని ఎదురెళ్ళాను. చేతిలో పట్టుకుని బరువు చూసి, పెదవి విరిచి, ఒక చిన్న గిన్నె ఇచ్చాడు. అక్కడి నుంచే బండి వెనక్కి తిప్పుతున్నాడు.

"చివరింటి దాక పోవా?" అని అడిగాను, పరీక్షగా.

"ఎందుకమ్మా, ఆ ఇంట్ల ఎవరు లేరు గద."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? తామర పువ్వున్నది గద. మీ వీధిల తామర పువ్వున్న ఇంటి ముందల ఎంత మొత్తుకున్నా ఎవరు పలకరు. పోయినసారి మూడిండ్ల కాడ గొంతు చించుకున్న. ఇయ్యాల పువ్వు చూసి బండి తిప్పిన."

"మా ఇంటి ముందల గూడ తామరనే ఉన్నది గద."

"అందుకే మీ ఇంటి కాడ గూడ ఆగకపోదును. నువ్వే ఎదురొచ్చినవ్."

గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తాళం వేసిన ప్రతి ఇంటి ముందూ ఒకే చేతి ముగ్గు, ఒకే పువ్వు, ఒకే ఎనిమిది రేకులు. వారానికోసారి వచ్చే మనిషికే తెలిసిపోతే, అదే పని మీద తిరిగేవాడికి ఎంతసేపు? ఏ ఇంట్లో ఎవరూ లేరో మూడు వారాల పాటు పొద్దున్నే లేచి, స్నానం చేసి, దేవుడి నామంతో గీసి మరీ చూపించాను. అలవాటు కొద్దీ ఆ మనిషికి రెండుసార్లు దండం పెట్టాను. గిన్నెకు పెట్టానని అనుకుని ఉంటాడు.

ఇంట్లోకి వెళ్ళి ఖమ్మానికి ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది. వెనక దవాఖాన చప్పుడు వినిపిస్తోంది.

"చెల్లె, మీ వాకిట్ల నువ్వు ఏ ముగ్గేస్తవ్?"

"ఏందక్కా?"

"ముగ్గు. నీ ముగ్గు ఎట్లుంటదో చెప్పు, గట్లనే ఏస్త."

అటు నుంచి నవ్వు. "నేనెప్పుడు ముగ్గేసిన అక్కా? మా ఇండ్లల్ల పండగలకే ఏస్తం. రోజూ ఊడ్సుడే."

"మరి ఇన్నేండ్ల సంది..."

"ఇన్నేండ్ల సంది నువ్వు సూడలే." కోపంగా అనలేదు. "గూడెంల ఉండే మా అత్త ఫోన్ల చెప్పింది, మన వాకిట్ల పెద్ద తామర పువ్వు పడుతున్నదని. గూడెపోళ్ళంత వచ్చి సూసిపోతున్నరట."

"మరి నాకు ఒక్కరన్నా చెప్పొద్దా?"

"నువ్వు మొక్కుకుంట ఏస్తున్నవట. మొక్కేటోళ్ళను ఎట్ల ఆపుతరు?"

పన్నెండేళ్ళుగా ఆ ఇంటి ముందు నుంచి రోజూ నడుస్తున్నాను. అక్కడ ముగ్గు ఉంటుందో ఉండదో నా కంట పడలేదు. నా వాకిట్లో ఉంది కాబట్టి అందరి వాకిట్లో ఉంటుందనుకున్నాను. దేవుడు కళ్ళిచ్చినందుకు రోజూ దండం పెట్టుకునే మనిషిని.

ఆపరేషన్ మర్నాడేనని ఆమె చెప్పింది. "నీ కాగితం పదిలంగ ఉన్నది చెల్లె" అన్నాను. "సరే అక్కా, నువ్వు రంది పడకు" అంది. నేను అనాల్సిన మాట ఆమె అనడం నాకు కొంచెం వింతగానే తోచింది.

మర్నాడు పొద్దున్నే మిగతా రెండు ఇళ్ళ తామరలు చెరిపి, చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మూడు వారాలు ఒకదాని మీద ఒకటి పడ్డ ముగ్గు అంత తేలిగ్గా పోదు. రెండు బకెట్లు పోసి, చీపురుతో రుద్ది, వాకిలంతా బురద చేసి ఇంటికి వచ్చాను. స్నానం, పూజ అయ్యాక, ఒకటి రెండు రేకులు మిగిలాయేమోనని అనుమానం వచ్చి మళ్ళీ చూడబోయాను.

బురదలో అడుగులు ఉన్నాయి. వీధిలోంచి తలుపు దాకా వెళ్ళినవి. తిరిగి వచ్చినవి లేవు.

కరపత్రం మొత్తం నాకు నోటికి వచ్చు. లోపలికి వెళ్ళరాదు, దేనినీ తాకరాదు, వెంటనే సమాచారం ఇవ్వవలెను. కానిస్టేబులమ్మకు ఫోన్ చేసి, "దొంగ లోపలనే ఉన్నడు, బయటికి రాలే" అన్నాను. దూరంగా నిలబడమంది. ఎదురింటి అరుగు పక్కన చీపురు పట్టుకుని, నామం చెప్పుకుంటూ నిలబడ్డాను. నల్లా దగ్గరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా వెనక చేరారు.

ఆమె ఇంకో కానిస్టేబుల్‌తో మోటారు సైకిల్ మీద వచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆమె వంగి అడుగుల్ని చూసింది. తర్వాత బురదంటిన నా చీర అంచు చూసింది.

"అమ్మా, ఒకసారి మీ కాలు ఇక్కడ పెట్టుండ్రి."

పెట్టాను. అచ్చు పోసినట్టు సరిపోయింది. చెరుపుతూ చెరుపుతూ తలుపు దాకా వెళ్ళి, బురద తొక్కడం ఎందుకని అరుగు మీదుగా పక్కకు దిగి ఇంటికి వెళ్ళాను. అది అప్పుడు గుర్తొచ్చింది.

"దొంగ దొరికింది" అంది వెనక నుంచి ఎవరో, మెల్లగానే. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. దేవుడా, ఇంతటితో పోయింది, చాలు అనుకున్నాను.

కానిస్టేబులమ్మ నవ్వలేదు. "ఎట్లాగూ వచ్చినం. ఒకసారి లోపల గూడ చూద్దాం. తాళంచెవి మీ దగ్గర్నే ఉన్నదా?"

తాళం తీశాను. రేకుపెట్టె మంచం కింద ఉంది. నేనే తెరిచాను. చీరలు, ఆధార్ జిరాక్సులు, పెళ్ళి ఫొటో ఉన్నాయి. అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అది ఖాళీది. చీరలన్నీ దులిపాను. పట్టా కాగితం లేదు.

గుమ్మంలో నవ్వులు ఆగిపోయాయి.

"ఇది పెట్టెల ఉన్నదని ఎవరెవరికి తెలుసు?" అని కానిస్టేబులమ్మ అడిగింది.

ఒకామె, "మా అందరికి తెలుసు మేడమ్. అక్కనే చెప్పింది, నల్లా కాడ" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

"ఆమె ఎంబడి తీస్కపోయిందేమో, ఫోన్ చేసి అడుగుండ్రి" అంది కానిస్టేబులమ్మ.

ఫోన్ చేతిలోనే ఉంది. ఆ సమయానికి ఆమె భర్త ఆపరేషన్ గదిలో ఉంటాడు, ఆమె గది బయట ఒక్కతే కూర్చుని ఉంటుంది. అక్కడున్న మనిషికి నేనేం చెప్పాలి? తీసుకుపోనని నాకే చెప్పి వెళ్ళింది. కరెంటు బిల్లుకు కూడా లేచే నా గొంతు అప్పుడు ఎంత ప్రయత్నించినా లేవలేదు. దేవుడిని ఏదో అడగబోయి, ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను. నా నోటితో నేనే ఇచ్చినదాన్ని తిరిగి ఇమ్మని ఆయన్ని ఎలా అడుగుతాను?

అంతలో మా ఆయన వచ్చాడు. పోలీసులు వచ్చారని ఎవరో చెబితే పామాయిల్ తోటలోంచి గెలలు కోసే కత్తి భుజాన వేసుకునే వచ్చేశాడు. తెరిచి ఉన్న పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. మా ఇంటికి వెళ్ళి, ఒక కవరు తెచ్చి కానిస్టేబులమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదేనా చూడుండ్రి."

అదే. ముద్రతో, సంతకంతో, మొగుడూ పెళ్ళాల ఫొటోతో.

"పోయే ముందురోజు పొద్దుగూకంగ ఇచ్చిపోయింది" అన్నాడు. "అక్కకు చెప్పకు బావా అన్నది."

నేను పెట్టె మూత వేసి ఆయన వైపు తిరిగాను. "మూడు వారాల సంది నా పక్కనే ఉన్నవ్. ఒక్క మాటన్న చెప్పలే."

"నువ్వు అడగలే."

"నేను దినాం పొద్దుగాల లేచి ముగ్గేస్తుంటే చూసుకుంట నిలబడ్డవ్."

"ముగ్గు మంచిగనే ఉన్నది గద."

కానిస్టేబులమ్మ అప్పుడు నవ్వింది. నవ్వి, "అమ్మా, వచ్చే నెల పక్క ఊర్ల మీటింగున్నది. మీరొచ్చి ఈ కత చెప్పుండ్రి. కరపత్రం నేను చదువుకుంట" అని బండెక్కింది.

ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆమె కాగితం దొరికింది, అంతకన్నా ఏం కావాలి? అయినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నా చేతికి తాళంచెవి ఇచ్చి, కాగితం మాత్రం మా ఆయనకు ఇచ్చింది. తాళంచెవి కూడా నేను చిన్నబుచ్చుకోకూడదనే ఇచ్చిందని మెల్లగా అర్థమైంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆమే ఫోన్ చేసింది. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పింది. పొద్దుటి సంగతి వాళ్ళ అత్త అప్పటికే చేరవేసిందట.

"కోపమొచ్చిందా అక్కా?"

"రాలే చెల్లె" అన్నాను. ఎదురుగా దీపం వెలుగుతోంది. "వచ్చింది. ఇప్పుడు లేదు" అని దిద్దుకున్నాను.

"నిన్ను నమ్మక కాదక్కా. నీకు మంచిది ఏది దొరికినా పదిమందికి పంచుతవ్. ప్రసాదమైతే గట్లనే పంచాలె. కాగితం ఎట్ల పంచుతం?"

నా గురించి ఇంత సూటిగా, ఇంత మర్యాదగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటకు ఆమెకు ఇప్పటికీ రుణపడే ఉన్నాను. మర్నాటి నుంచి వాళ్ళ వాకిలి ఊడ్చి వదిలేశాను. వాళ్ళ అత్త వచ్చి ఆ వాకిట్లోనే చింతపండు ఆరబోసింది. కాకులు వాలకుండా ఆ ముసలామె రోజంతా అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాడినీ ఏ ఊరు, ఎవరింటికి అని నిలదీసేది. కరపత్రంలో ఈ ఉపాయం లేదు.

రెండు వారాల తర్వాత వాళ్ళు తిరిగి వచ్చారు. అతను మంచం మీదే. పరామర్శకు వచ్చిపోయేవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. మూడో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనను దాటుకుని నా దగ్గరికి వచ్చి, కవరు నా చేతిలో పెట్టింది.

"ఆయన లేసి నడిసేదాక నీ దగ్గర్నే ఉండనీయక్కా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. "నాకెందుకు చెల్లె" అనబోయాను. ఆమె అప్పటికే గుమ్మం దిగింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఉపవాసాలు చేశాను, మండలం పాటు నేల మీద పడుకున్నాను, భద్రాచలానికి నడిచి వెళ్ళాను. ఏదీ ఇంత కష్టం కాలేదు. నల్లా దగ్గర ఎవరో, "చెల్లె కాగితం తీస్కపోయిందా అక్కా?" అని ఊరికే అడిగేవారు. జవాబు నాలుక చివరిదాకా వచ్చి, పళ్ళకు తగిలి ఆగేది. బిందె నిండే దాకా నీళ్ళకేసి చూస్తూ నిలబడేదాన్ని. ఆ రోజుల్లో నల్లా ధార సన్నగా వచ్చేది, అది మాత్రం దేవుడు కావాలనే చేశాడనుకుంటాను. "యాడ పెట్టినవే?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. ఆయనకు కూడా చెప్పలేదు.

ఆమె భర్త కర్ర సాయంతో వాగు దాకా నడిచి వచ్చిన రోజున, ఆమె వచ్చి కవరు తీసుకుని వెళ్ళింది. అందుకే ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నాను. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియదు. నేను అడగలేదు.